అబార్షన్‌పై అభ్యర్థి తేల్చి చెప్పాల్సిందేనా? అమెరికా ఎన్నికలు చెబుతున్నదేమిటి

సంక్షిప్తంగా: అమెరికాలో 2022 వరకు అబార్షన్‌పై అభ్యర్థి ఎంత గట్టిగా మాట్లాడినా అది చాలావరకు అమలయ్యేది కాదు, కోర్టు అడ్డుగా ఉండేది. ఆ అడ్డు తొలగాక అదే మాట చట్టంగా మారుతోంది. కాబట్టి తేల్చి చెప్పాలా వద్దా అన్నదానికి జవాబు అభ్యర్థి పోటీ చేసే పదవిని బట్టి, ఆ రాష్ట్రంలో ప్రజలు నేరుగా ఓటేసి చట్టం మార్చుకునే వీలుందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. ‘ప్రో-లైఫ్’ (అబార్షన్‌కు వ్యతిరేకం), ‘ప్రో-చాయిస్’ (అబార్షన్ హక్కుకు అనుకూలం) అన్న ముద్రల కంటే ఎన్ని వారాలు, ఏ మినహాయింపులు, ఎవరికి శిక్ష అన్న వివరాలే ఓటరుకు పనికొస్తాయి.

2024 ఏప్రిల్ 9న అరిజోనా రాష్ట్ర సుప్రీంకోర్టు ఒక పాత చట్టానికి మళ్లీ ప్రాణం పోసింది. ఆ చట్టం 1864 నాటిది. అప్పటికి అరిజోనా ఇంకా రాష్ట్రం కాలేదు. ఆడవాళ్లకు ఓటు లేదు. తల్లి ప్రాణం కాపాడటానికి తప్ప ఇంకే కారణంతోనూ అబార్షన్ చేయకూడదని, చేసినవాళ్లకు రెండు నుంచి ఐదేళ్ల జైలు అని అందులో ఉంది. తీర్పు వచ్చిన రోజే, సెనెట్‌కు పోటీ చేస్తున్న రిపబ్లికన్ అభ్యర్థి కారీ లేక్ దాన్ని వ్యతిరేకిస్తున్నానని ప్రకటించారు. 2022లో గవర్నర్ పదవికి పోటీ చేసినప్పుడు ఇదే చట్టాన్ని ఆమె గొప్ప చట్టమని మెచ్చుకున్నారు.

దీన్ని ఒక నాయకురాలి మాట మార్పుగా మాత్రమే చూస్తే అసలు సంగతి కనపడదు. ఆమె మెచ్చుకున్నప్పుడు ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. రెండేళ్ల తర్వాత అది ఆసుపత్రుల్లోకి రాబోయింది. డోనాల్డ్ ట్రంప్ కూడా కోర్టు హద్దు దాటిందన్నారు. మే నెల మొదట్లో కొందరు రిపబ్లికన్ల ఓట్లతోనే రాష్ట్ర శాసనసభ దాన్ని రద్దు చేసింది. డెమొక్రాట్ గవర్నర్ కేటీ హాబ్స్ మే 2న సంతకం పెట్టారు. అభ్యర్థులు అబార్షన్‌పై గట్టిగా నిలబడాలా, తప్పించుకుపోవాలా అన్న చర్చ అమెరికాలో ఐదు దశాబ్దాల నాటిది. ఈ మధ్యకాలంలో మారింది ఆ మాటకు పడే ఖరీదు.

రో ఉన్నన్నాళ్లూ మాట చవక

1973 జనవరి 22న ‘రో వర్సెస్ వేడ్’ కేసులో అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో అబార్షన్‌ను రాజ్యాంగ హక్కుగా గుర్తించింది. 1992 నాటి ‘కేసీ’ తీర్పు రాష్ట్రాలకు ఆంక్షలు పెట్టే వెసులుబాటు పెంచింది కానీ మూలాన్ని కదపలేదు. పిండం గర్భం బయట బతకగలిగే దశకు ముందు, అంటే సుమారు 24 వారాల లోపు, ఏ రాష్ట్రమూ అబార్షన్‌ను నిషేధించడానికి వీల్లేదు.

దీనివల్ల ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఎంత కఠినమైన బిల్లుకు ఓటేసినా కోర్టు ఆపేస్తుందని శాసనసభ్యుడికి తెలుసు. ఆ సంగతి ఓటరుకూ తెలుసు. బ్యాంకు ఎప్పటికీ మార్చదని తెలిసిన చెక్కు మీద ఎంత మొత్తమైనా రాయొచ్చు కదా. రో రద్దయితే అమల్లోకి వచ్చేలా 13 రాష్ట్రాలు ముందుగానే నిషేధ చట్టాలు చేసి పెట్టుకున్నాయి. ఎలాంటి అత్యవసర పరిస్థితిలో డాక్టర్ చేయి వేయొచ్చు, ప్రాణాపాయం ఎంత దగ్గరికి రావాలి అన్న ప్రశ్నలు ఆ చట్టాలు నిజంగా అమలయ్యాకే పెద్దవై కూర్చున్నాయి.

అవతలి పక్షానికీ ఇదే సౌకర్యం దొరికింది. ‘రోను కాపాడతాం’ అంటే డెమొక్రాట్ అభ్యర్థి పని అయిపోయేది. ఏ వారం దాకా అనుమతించాలి, ఆ తర్వాత ఏం చేయాలి అన్న ఇబ్బందికరమైన గీత కోర్టే గీసి పెట్టింది. బిల్ క్లింటన్ 1992లో అబార్షన్ సురక్షితంగా, చట్టబద్ధంగా, అరుదుగా ఉండాలన్నారు. ఆ మూడు మాటల్లో ఎవరికి కావలసింది వాళ్లు విన్నారు.

ఈ అంశం మొదటి నుంచీ పార్టీల మధ్య గీతగా లేదు. కాలిఫోర్నియా గవర్నర్‌గా 1967లో అబార్షన్ నిబంధనలు సడలించిన చట్టంపై సంతకం పెట్టింది రోనాల్డ్ రీగనే. 1980లో రీగన్‌పై ప్రైమరీల్లో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల్లో, పోటీ చేసినప్పుడు జార్జ్ బుష్ సీనియర్ అబార్షన్ హక్కు వైపున్న మనిషి. ఉపాధ్యక్ష అభ్యర్థి అయ్యాక వైఖరి మారింది. మిట్ రామ్నీ మసాచుసెట్స్‌లో 1994లో సెనెట్‌కు, 2002లో గవర్నర్ పదవికి పోటీ చేసినప్పుడు ఒక మాట, అధ్యక్ష పదవి వైపు చూశాక మరో మాట. డెమొక్రాట్లలో ఆల్ గోర్ తొలినాళ్లలో అబార్షన్‌కు వ్యతిరేకంగా ఓట్లు వేశారు. పేద మహిళల అబార్షన్‌లకు ఫెడరల్ నిధులు ఆపే హైడ్ సవరణను జో బైడెన్ దశాబ్దాల పాటు సమర్థించి, 2019 జూన్‌లో ప్రైమరీల ఒత్తిడి పెరిగాక ఒకటి రెండు రోజుల్లోనే వెనక్కి తగ్గారు. ఈ జాబితాలో మనసు మారినవాళ్లు ఎందరో, లెక్క మారినవాళ్లు ఎందరో బయటివాళ్లు తేల్చలేరు. కానీ దాదాపు అందరూ తమ పార్టీ వెళ్తున్న దిక్కుకే మారారన్నది మాత్రం నిజం.

కేసీ తండ్రి, కేసీ కొడుకు

ఈ మార్పును ఒక్క కుటుంబంలో చూడాలంటే పెన్సిల్వేనియా వెళ్లాలి. 1987 నుంచి 1995 వరకు గవర్నర్‌గా ఉన్న బాబ్ కేసీ సీనియర్ కేథలిక్, డెమొక్రాట్. పేదల పక్షం, అబార్షన్‌కు బద్ధ వ్యతిరేకి. ఆయన సంతకం చేసిన ఆంక్షల చట్టం మీదే సుప్రీంకోర్టు 1992 జూన్‌లో తీర్పునిచ్చింది. ఆ కేసు పేరులోని కేసీ ఆయనే. సరిగ్గా తర్వాతి నెలలో న్యూయార్క్‌లో జరిగిన డెమొక్రాట్ల జాతీయ సమావేశంలో ఆయనకు మాట్లాడే అవకాశం ఇవ్వలేదు. క్లింటన్‌ను సమర్థించనందుకే ఇవ్వలేదని పార్టీ వాళ్లన్నారు. అబార్షన్‌పై తన వైఖరే కారణమని ఆయనన్నారు.

కొడుకు బాబ్ కేసీ జూనియర్ 2006లో అదే రాష్ట్రం నుంచి సెనెట్‌కు పోటీ చేశారు. ఆయన కూడా ప్రో-లైఫ్ డెమొక్రాట్‌గానే నిలబడ్డారు, అబార్షన్ వ్యతిరేకతకు మారుపేరైన రిక్ శాంటోరమ్‌ను ఓడించారు. తర్వాత ఆయన ఓట్లు అటూ ఇటూ పడుతూ వచ్చాయి. 20 వారాల తర్వాత నిషేధించే బిల్లును ముందుకు పంపడానికి ఓటేశారు, అబార్షన్ సేవలూ అందించే ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ సంస్థకు నిధులు ఆపడాన్ని మాత్రం వ్యతిరేకించారు. 2022 మేలో రో రద్దు కాబోతోందన్న ముసాయిదా తీర్పు బయటికి పొక్కాక, అబార్షన్ హక్కును దేశమంతటా చట్టంగా చేసే బిల్లుకు మద్దతు ప్రకటించారు. మధ్యలో నిలబడే చోటు కోర్టు ఉన్నంతకాలమే ఉంది. నిషేధమా, హక్కా అని సూటిగా ఓటేయాల్సి వచ్చేసరికి ఆ చోటు లేకుండా పోయింది. 2024లో స్వల్ప తేడాతో ఆయన ఓడిపోయారు. దానికి ధరలు, వలసలు, ట్రంప్ గాలి వంటి కారణాలు చాలా ఉన్నాయి కాబట్టి ఆ ఓటమిని అబార్షన్ ఖాతాలో వేయడం కుదరదు. తండ్రి సంతకం చేసిన చట్టం మాత్రం మార్పులతో ఇప్పటికీ ఆ రాష్ట్రంలో అమల్లో ఉంది, 24 వారాల గీతతో.

ప్రైమరీలో ఒక మాట, నవంబర్‌లో ఒక మాట

అమెరికా అభ్యర్థి రెండుసార్లు గెలవాలి. ముందు సొంత పార్టీ ప్రైమరీలో, ఆ తర్వాత అందరి ముందు. ప్రైమరీకి వచ్చేది తక్కువ మంది, కానీ పట్టుదల ఉన్నవాళ్లు. ఏ నాయకుడు ఏ బిల్లుకు ఎలా ఓటేశాడో అబార్షన్ వ్యతిరేక సంఘాలు మార్కులు వేసి పంచుతాయి. మరోవైపు 1985లో మొదలైన ఎమిలీస్ లిస్ట్ అబార్షన్ హక్కును సమర్థించే డెమొక్రాట్ మహిళలకే నిధులు సమకూరుస్తుంది. నీళ్లు నమిలే అభ్యర్థికి ఈ రెండు వైపుల నుంచీ డబ్బు రాదు, కార్యకర్తలూ రారు. ఇల్లినాయిలో అబార్షన్‌ను వ్యతిరేకించే డెమొక్రాట్ డాన్ లిపిన్‌స్కీ 2020 ప్రైమరీలో ఓడిపోయారు. టెక్సస్‌లో అదే కోవకు చెందిన హెన్రీ క్వేయార్ 2022 ప్రైమరీ రెండో దఫాలో 289 ఓట్ల తేడాతో బయటపడ్డారు.

నవంబర్‌లో లెక్క తిరగబడుతుంది. ప్రైమరీలో చప్పట్లు తెచ్చిన మాటే ప్రత్యర్థి ప్రకటనలో వినిపిస్తుంది. 2022 ఆగస్టులో అరిజోనా సెనెట్ అభ్యర్థి బ్లేక్ మాస్టర్స్ ప్రైమరీ గెలిచాక తన వెబ్‌సైట్‌లో అబార్షన్‌పై ఉన్న కఠినమైన వాక్యాలను మెత్తబరిచారు. పాత పేజీని జనం అప్పటికే దాచిపెట్టుకున్నారు. ఒకప్పుడు ఊరికో మాట చెప్పి నెట్టుకురావడం కుదిరేది. ఫోన్ కెమెరాలు వచ్చాక ఆ రోజులు పోయాయి.

ఓటర్లు రెండు గుంపులుగా లేరు

గట్టి వైఖరి కావాలని అడిగేవాళ్లు ఒక విషయం మరిచిపోతుంటారు. జనాభిప్రాయం ఆ రెండు ముద్రల్లో ఇమడదు. గాలప్ సంస్థ 2023లో అడిగినప్పుడు మొదటి మూడు నెలల్లో అబార్షన్ చట్టబద్ధంగా ఉండాలన్నవారు 69 శాతం. రెండో త్రైమాసికానికి వచ్చేసరికి 37 శాతం, చివరి మూడు నెలల్లో 22 శాతం. ఒకే మనిషి పదో వారంలో ‘ప్రో-చాయిస్’, ముప్పయ్యో వారంలో ‘ప్రో-లైఫ్’ అవుతున్నాడు. ప్యూ సంస్థ 2024 సర్వేలో అన్ని లేదా చాలా సందర్భాల్లో చట్టబద్ధంగా ఉండాలన్నవారు 63 శాతం. ‘చాలా’ అన్న మాటలో ఎన్ని షరతులు దాగి ఉన్నాయో సర్వే చెప్పదు.

వాస్తవంలో అమెరికా అబార్షన్‌లలో పదింట తొమ్మిదికి పైగా మొదటి 13 వారాల్లోనే జరుగుతాయి. 21 వారాలు దాటాక జరిగేవి ఒక శాతం దరిదాపుల్లో ఉంటాయి. అయినా చర్చా వేదికల మీద ఎక్కువ సేపు నలిగేది ఆ ఒక్క శాతమే. రిపబ్లికన్లు తొమ్మిదో నెల గురించి అడుగుతారు, డెమొక్రాట్లు అత్యాచారానికి గురైన బాలిక గురించి అడుగుతారు. మధ్యలో ఉన్న పెద్ద రాశి గురించి ఎవరూ తేల్చరు. అక్కడ స్పష్టంగా మాట్లాడితే సొంత పక్షం నుంచే చీవాట్లు తప్పవు మరి.

అభ్యర్థిని, అంశాన్ని వేరుగా చూసే అలవాటు కూడా ఓటర్లలో ఉంది. ఒహాయో గవర్నర్ మైక్ డివైన్ 2019లో సుమారు ఆరు వారాలకే నిషేధం తెచ్చే చట్టంపై సంతకం పెట్టారు. 2022లో భారీ మెజారిటీతో తిరిగి గెలిచారు. ఏడాది తిరక్కుండా 2023 నవంబర్‌లో అదే ఒహాయో ఓటర్లు సుమారు 57 శాతం మద్దతుతో అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. 2024లో మిస్సోరీలో ట్రంప్‌కు సుమారు 58 శాతం ఓట్లు వచ్చాయి. అదే బ్యాలెట్‌పై అబార్షన్ హక్కు సవరణ కూడా గెలిచింది, దాదాపు 52 శాతంతో. రిపబ్లికన్ల కంచుకోట కాన్సస్ 2022 ఆగస్టులో అబార్షన్ హక్కును తొలగించే సవరణను 59 శాతం ఓట్లతో తిప్పికొట్టింది.

ఈ అంకెల నుంచి రెండు పక్షాలూ తమకు కావలసిన అర్థం తీసుకుంటాయి. అవి చెబుతున్నది మాత్రం ఒకటుంది: ప్రజలకు నేరుగా ఓటేసే దారి ఉంటే, అభ్యర్థి వైఖరి మీద పడే భారం తగ్గుతుంది. అబార్షన్ హక్కుకు ఓటేసి, పన్నులు, సరిహద్దుల కోసం రిపబ్లికన్‌నే ఎన్నుకోవచ్చు. కానీ పౌరులే సంతకాలు సేకరించి ఒక ప్రతిపాదనను బ్యాలెట్‌కు ఎక్కించే పద్ధతి సుమారు సగం రాష్ట్రాల్లోనే ఉంది. టెక్సస్‌లో లేదు, జార్జియాలో లేదు. అక్కడ చట్టం మారాలన్నా, ఉన్నది నిలవాలన్నా ఓటరు చేతిలో ఉన్నది అభ్యర్థి ఎంపిక మాత్రమే. అలాంటి చోట అభ్యర్థి మౌనంగా ఉంటే ఓటరు గుడ్డిగా ఓటేయాల్సి వస్తుంది.

తేల్చి చెప్పి ఓడినవాళ్లు, తేల్చకుండా గట్టెక్కినవాళ్లు

గట్టిగా చెబితే ఓడిపోతారన్న వాదనకు తరచూ చూపించే ఉదాహరణ 2012. మిస్సోరీ సెనెట్ అభ్యర్థి టాడ్ ఏకిన్, నిజమైన అత్యాచారమైతే గర్భం రాకుండా స్త్రీ శరీరమే అడ్డుకుంటుందన్న అర్థంలో మాట్లాడారు. ఇండియానాలో రిచర్డ్ మర్డాక్ అత్యాచారం వల్ల వచ్చిన గర్భం గురించి దేవుడి సంకల్పమన్న ధోరణిలో మాట్లాడారు. ఇద్దరూ ఓడిపోయారు. ఆ రెండు రాష్ట్రాల్లోనూ అదే రోజు రామ్నీ గెలిచారు. అయితే ఈ ఇద్దరినీ ముంచింది గట్టి వైఖరి అనడం సగం నిజమే. అత్యాచారానికి మినహాయింపు వద్దన్న వైఖరి అంతకుముందూ చాలామందికి ఉంది. దాన్ని సమర్థించుకోబోయి చెప్పిన కారణాలు జనానికి రోత పుట్టించాయి.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. జార్జియా గవర్నర్ బ్రయాన్ కెంప్ 2019లో ఆరు వారాల నిషేధంపై సంతకం చేసి, 2022లో స్టేసీ ఏబ్రమ్స్‌పై సులువుగా గెలిచారు. అబార్షన్ వాళ్ల ఎన్నికల్లో ఒక అంశం, ఏకైక అంశం కాదు. 2022 ఎగ్జిట్ పోల్స్‌లో దాన్ని ముఖ్యాంశంగా పేర్కొన్నవారు 27 శాతం, ధరల పెరుగుదలను పేర్కొన్నవారు 31 శాతం.

మధ్యేమార్గం కూడా ఖాయమైన కవచం కాదు. వర్జీనియా గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ 2023లో 15 వారాల పరిమితిని, మినహాయింపులతో, తన పార్టీ ఉమ్మడి ప్రతిపాదనగా బహిరంగంగా ముందుపెట్టారు. సర్వేల ప్రకారం చూస్తే అది జనాభిప్రాయానికి మరీ దూరం కాదు. ఆ నవంబర్‌లో రాష్ట్ర శాసనసభ రెండు సభలూ డెమొక్రాట్లకు వెళ్లాయి. ‘15 వారాలు’ అన్నది ఆయన దృష్టిలో పరిమితి, ప్రత్యర్థుల ప్రకటనల్లో నిషేధం. ఆ తర్వాత 12, ఆ తర్వాత 6 అంటారేమోనన్న అనుమానాన్ని ఆ అంకె తీర్చలేకపోయింది. అంకె స్పష్టంగా ఉన్నా, అక్కడితో ఆగుతారన్న నమ్మకం లేకపోతే అది పనిచేయదన్నమాట.

అదే ఏడాది కెంటకీలో డెమొక్రాట్ గవర్నర్ ఆండీ బెషియర్ మొత్తం అబార్షన్ చర్చను వదిలేసి ఒకే చోట గట్టిగా నిలబడ్డారు: అత్యాచారం, రక్తసంబంధీకుల చేతిలో లైంగిక దాడి జరిగిన కేసుల్లో కూడా మినహాయింపు లేదన్న రాష్ట్ర చట్టంపై. ప్రత్యర్థి డేనియల్ కామెరాన్ మొదట ఆ చట్టాన్ని సమర్థించి, ప్రచారం మధ్యలో మినహాయింపుల బిల్లు వస్తే సంతకం పెడతానన్నారు. ట్రంప్‌కు పట్టున్న ఆ రాష్ట్రంలో బెషియర్ మళ్లీ గెలిచారు.

ఇక తేల్చకుండా గట్టెక్కడంలో ట్రంప్‌ను మించినవారు లేరు. 1999లో తాను గట్టి ప్రో-చాయిస్ అన్నారు. 2016 మార్చిలో అబార్షన్ చేయించుకున్న స్త్రీకి ఏదో ఒక శిక్ష ఉండాలన్నారు, అదే రోజు వెనక్కి తీసుకున్నారు. రో రద్దుకు దారితీసిన ముగ్గురు న్యాయమూర్తులను నియమించింది ఆయనే. 2024 ఏప్రిల్‌లో ఇది రాష్ట్రాల ఇష్టమన్నారు. ఆగస్టు చివర్లో ఫ్లోరిడా ఆరు వారాల నిషేధం మరీ తక్కువ గడువన్నారు, మర్నాడే ఆ నిషేధాన్ని ఎత్తేసే సవరణకు వ్యతిరేకంగా ఓటేస్తానన్నారు. అక్టోబర్ 1న జాతీయ నిషేధం వస్తే వీటో చేస్తానన్నారు. పాము చావకుండా, కర్ర విరగకుండా సాగిన ఈ ప్రచారం ఆయనకు కలిసొచ్చింది. మిగతావాళ్లకు ఇది నకలు చేసుకోగలిగే పాఠమా అంటే అనుమానమే. అబార్షన్ వ్యతిరేకులు ఆయన మాటలను పట్టించుకోలేదు, వాళ్లకు కావలసిన తీర్పు అప్పటికే చేతికొచ్చింది. అలాంటి రుజువు లేని అభ్యర్థి ఇన్ని మాటలు చెబితే ఇరుపక్షాలూ వదిలేస్తాయి.

కమలా హారిస్ వైఖరి దీనికి పూర్తి వ్యతిరేకం, స్పష్టం: రో రక్షణలను చట్టం ద్వారా తిరిగి తెస్తాను. కానీ ఆ చట్టానికి సెనెట్‌లో మామూలుగా 60 ఓట్లు కావాలి. ఆ నిబంధనను దీనికి పక్కన పెట్టాలని ఆమె అన్నా, అందుకు కావలసిన సెనెటర్లు దొరుకుతారా అన్నది వేరే ప్రశ్న. వైఖరి తేటతెల్లంగా ఉండి, దాన్ని నెరవేర్చే అధికారం చేతిలో లేని సందర్భం ఇది.

ఏ పదవికి పోటీ అన్నదే కీలకం

2022 జూన్ 24న ‘డాబ్స్’ తీర్పుతో సుప్రీంకోర్టు రోను రద్దు చేసి, నిర్ణయాన్ని ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధులకు అప్పగిస్తున్నామంది. అప్పటిదాకా ఈ ప్రశ్నతో పెద్దగా పనిలేని పదవులు కూడా ఒక్కసారిగా ముఖ్యమయ్యాయి.

గవర్నర్, రాష్ట్ర శాసనసభ్యుల సంగతి తెలిసిందే: బిల్లు రాసేది, సంతకం పెట్టేది వాళ్లే. రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ పదవి అంతగా వార్తల్లోకి రాదు. అరిజోనాలో 2022లో క్రిస్ మేయస్ ఆ పదవిని రీకౌంటింగ్ తర్వాత 280 ఓట్ల తేడాతో గెలిచారు. 1864 చట్టం తిరిగి లేచినప్పుడు, ఆ చట్టం కింద ఏ డాక్టర్‌నూ ప్రాసిక్యూట్ చేయనని ఆమె ప్రకటించారు. ఆ 280 ఓట్లు అటు పడి ఉంటే ఆ కొన్ని వారాలు అరిజోనా డాక్టర్లకు మరోలా గడిచేవి. కేసు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం చాలా రాష్ట్రాల్లో జిల్లా స్థాయి ప్రాసిక్యూటర్ చేతిలో ఉంటుంది. అమెరికాలో చాలాచోట్ల ఆ పదవికీ ఎన్నికే.

జడ్జీల విషయమే అన్నింటికంటే చిక్కు. చాలా రాష్ట్రాల్లో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ఓటర్లే ఎన్నుకుంటారు. రేపు తన ముందుకు రాబోయే కేసుపై ముందే మాట ఇచ్చేస్తే ఆ న్యాయమూర్తి నిష్పక్షపాతంగా ఉంటారా? ఏమీ చెప్పకపోతే ఓటరు దేన్ని చూసి ఓటేయాలి? జడ్జి అభ్యర్థులు తమ అభిప్రాయాలు చెప్పకూడదన్న నిబంధనను అమెరికా సుప్రీంకోర్టు 2002లోనే 5-4తో కొట్టేసింది. విస్కాన్సిన్‌లో 2023 ఏప్రిల్‌లో జానెట్ ప్రోటసేవిచ్ అబార్షన్ హక్కును సమర్థించే తన ‘విలువల’ను దాచకుండా చెప్పి, ఏ కేసులో ఎలా తీర్పిస్తానన్నది మాత్రం చెప్పలేనన్నారు. 11 పాయింట్ల తేడాతో గెలిచారు. ఆ ఎన్నికతో కోర్టులో మెజారిటీ మారింది. 2025 జులైలో ఆ రాష్ట్ర 1849 నాటి నిషేధం చెల్లదని కోర్టు 4-3తో తేల్చింది. విలువలు చెప్పడానికి, తీర్పు ముందే చెప్పడానికి మధ్య ఆమె గీసిన గీత చట్టపరంగా నిలుస్తుంది. మామూలు ఓటరుకు ఆ రెండూ ఒకటిగానే వినపడి ఉంటాయి.

నగర మేయర్, స్కూల్ బోర్డు సభ్యుడు వంటి పదవులకు మాత్రం ఈ ప్రశ్న చాలావరకు అభ్యర్థి ఏ పక్షమో చెప్పే గుర్తింపు చీటీయే. అక్కడ అభ్యర్థి ‘ఇది నా పరిధి కాదు’ అంటే దాన్ని పిరికితనం అనక్కర్లేదు. అదే మాట గవర్నర్ అభ్యర్థి అంటే దాటవేతే.

ప్రశ్నను ఎన్నికల నుంచి పక్కకు తీసిన దేశాలు

బ్రిటన్‌లో 1967 అబార్షన్ చట్టం డేవిడ్ స్టీల్ అనే ఎంపీ ప్రైవేటు బిల్లుగా వచ్చింది. ఇలాంటి అంశాల్లో పార్టీలు విప్ జారీ చేయవు, ఎంపీలు ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు ఓటేస్తారు. 2025 జూన్‌లో తమ గర్భాన్ని తామే తీయించుకున్న స్త్రీలపై నేరం మోపకూడదన్న సవరణను కామన్స్ 379-137తో ఆమోదించింది. అదీ అలా వేసిన ఓటే. పార్టీకి అంటుకోకపోవడం వల్ల ఎన్నికల్లో అది ప్రధాన ప్రశ్న కావడం లేదు. దీని లోపం దీనికీ ఉంది: తన ఎంపీ ఎలా ఓటేస్తారో ఓటరుకు ముందుగా తెలియదు.

ఐర్లాండ్ మరో దారి పట్టింది. 2012 అక్టోబర్‌లో గాల్వేలోని ఆసుపత్రిలో గర్భస్రావం జరుగుతుండగా అబార్షన్ నిరాకరించడంతో, కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ ఇన్ఫెక్షన్‌తో చనిపోయారు. ఆ మరణం దేశాన్ని కుదిపేసింది. రాజకీయ నాయకులు ఏళ్ల తరబడి తప్పించుకున్న ప్రశ్నను లాటరీ పద్ధతిలో ఎంపికైన 99 మంది పౌరుల సభకు అప్పగించారు. ఆ సభ సిఫారసుల తర్వాత 2018 మే 25న రెఫరెండం పెడితే 66.4 శాతం మంది నిషేధం తొలగించాలన్నారు. నిపుణులు, వైద్యులు, రెండు పక్షాల వాదనలు వారాంతాల్లో కూర్చుని విన్న మామూలు జనం, నాయకుల కంటే ముందుకెళ్లి సిఫారసు చేశారు. నాయకులు వాళ్ల వెనక నడిచారు.

కెనడాలో 1988లో సుప్రీంకోర్టు పాత చట్టాన్ని కొట్టేసింది. కొత్త చట్టం 1991లో సెనెట్‌లో 43-43 ఓట్లతో వీగిపోయింది. అప్పటి నుంచి ఫెడరల్ స్థాయిలో నేరచట్టమే లేదు. కన్సర్వేటివ్ నేత స్టీఫెన్ హార్పర్ ఈ తేనెతుట్టెను కదపనని చెప్పి తొమ్మిదేళ్లకు పైగా పాలించారు. 2019లో అదే పార్టీ నేత ఆండ్రూ షీర్ టీవీ చర్చలో వ్యక్తిగత అభిప్రాయం చెప్పకుండా దాటేసి, మర్నాడు తాను ప్రో-లైఫ్ అని, కానీ చట్టం మార్చనని అన్నారు. విధానం హార్పర్‌దే, కానీ ఒక రోజు తటపటాయించినందుకు ప్రచారమంతా సంజాయిషీలతో గడిచింది.

మన దగ్గర ఎందుకు అడగరు

మన దేశంలో అబార్షన్‌ను అనుమతించే ఎంటీపీ చట్టం 1971లో పార్లమెంటులో పెద్దగా గొడవ లేకుండా పాసైంది. శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల నేపథ్యం నాటు పద్ధతుల్లో కడుపు తీయించుకుని చనిపోతున్న ఆడవాళ్లు, జనాభా నియంత్రణ ఆలోచన. చట్టం అబార్షన్‌ను స్త్రీ హక్కుగా ప్రకటించలేదు. ఫలానా కారణాలుంటే డాక్టర్ చేయొచ్చంది. 2021 సవరణతో 20 వారాల దాకా ఒక డాక్టర్, కొన్ని వర్గాల మహిళలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్లు, ఆ పైన తీవ్రమైన పిండ లోపాలుంటే మెడికల్ బోర్డు అభిప్రాయం సరిపోతుంది. 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ 24 వారాల గడువు వర్తిస్తుందంది.

నిర్ణయాన్ని రాజకీయ వేదిక నుంచి తీసి డాక్టర్ గదిలో పెట్టడం వల్ల ఇక్కడ అది ఓట్ల ప్రశ్న కాలేదు. గొడవంతా లింగ నిర్ధారణ మీదే నడిచింది. అందుకు 1994లో వేరే చట్టం వచ్చింది. ఆ విషయంలో పైకి ఏ పార్టీకీ భిన్నాభిప్రాయం లేదు. అమలులో ఎంత చిత్తశుద్ధి ఉందని అభ్యర్థిని నిలదీసేవాళ్లూ కనపడరు.

తెలుగు కుటుంబాలకు దీనితో పని

డల్లాస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో వేల తెలుగు కుటుంబాలున్నాయి. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్లకు ఓటు లేదు, కానీ రాష్ట్ర చట్టం వీసా చూడదు. టెక్సస్‌లో 2022 ఆగస్టు 25 నుంచి దాదాపు పూర్తి నిషేధం ఉంది. చట్టం దాటిన డాక్టర్‌కు జీవితఖైదు దాకా శిక్ష, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు. అత్యాచారానికి మినహాయింపు లేదు. ప్రాణాపాయం మినహాయింపు ఉంది, అది ఎప్పుడు వర్తిస్తుందన్న గందరగోళం ముదిరాక 2025లో శాసనసభే వివరణ చట్టం చేయాల్సి వచ్చింది. కోరుకున్న గర్భమే మధ్యలో చెడిపోయినప్పుడు డాక్టర్ ముందు లాయర్‌కు ఫోన్ చేయాల్సి వస్తే, ఆ ఆలస్యం పడేది రోగి మీదే. పెళ్లయి పిల్లల కోసం చూస్తున్న జంటలకు కూడా ఈ చట్టాల వివరాలు ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

ఎన్నికల వేదిక మీద కూడా మన వైపు మూలాలున్నవాళ్లున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2022లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికయ్యారు. ఆ రాష్ట్రం 2024లో అబార్షన్ హక్కును భారీ మెజారిటీతో రాజ్యాంగంలో చేర్చుకుంది. హైదరాబాద్‌లోనే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబర్‌లో వర్జీనియాలో అదే పదవి గెలిచారు. మరోవైపు తెలుగు మూలాలున్న ఉషా వాన్స్ భర్త జేడీ వాన్స్ 2022లో దేశమంతటా అబార్షన్ చట్టవిరుద్ధం కావాలని కోరుకున్నారు. 2024 ఉపాధ్యక్ష చర్చలో ఈ విషయంలో తమ పార్టీ జనం నమ్మకాన్ని తిరిగి సంపాదించుకోవాలని ఒప్పుకున్నారు.

అడగాల్సిన ప్రశ్నలు, రాబోయే ఓట్లు

2024 గాలప్ సర్వేలో అబార్షన్‌పై తమతో ఏకీభవించే అభ్యర్థికే ఓటేస్తామన్నవారు 32 శాతం. ఆ సంస్థ నమోదు చేసినవాటిలో అదే ఎక్కువ. మిగతా ఓటర్లకు ఇది చాలా అంశాల్లో ఒకటి. అభ్యర్థి నుంచి వాళ్లకు కావలసింది గర్జన కాదు, ముక్కుసూటి జవాబులు: ఎన్ని వారాలు? అత్యాచారం, పిండ లోపాలు, తల్లి ఆరోగ్యం సంగతేమిటి? శిక్ష డాక్టర్‌కా, స్త్రీకా, ఎవరికీ వద్దా? పోస్టులో వచ్చే అబార్షన్ మాత్రల గురించి ఏమంటారు? ఐవీఎఫ్ (కృత్రిమ గర్భధారణ)లో మిగిలిపోయిన పిండాల మాటేమిటి? చివరి ప్రశ్న ఊహాజనితం కాదు. 2024 ఫిబ్రవరిలో అలబామా సుప్రీంకోర్టు శీతల నిల్వలోని పిండాలు కూడా పిల్లలే అనేసరికి ఐవీఎఫ్ క్లినిక్‌లు ఆగిపోయాయి. ఆ రాష్ట్ర శాసనసభ మూడు వారాల్లోపే రక్షణ చట్టం చేయాల్సి వచ్చింది. అంతవరకూ అలబామాలో ఏ అభ్యర్థినైనా ఈ ప్రశ్న అడిగినవారు అరుదు.

డెమొక్రాట్లకూ సూటి ప్రశ్నలున్నాయి: 24 వారాల తర్వాత ఏమిటి, ఆ గీత చట్టంలో ఉండాలా, డాక్టర్ విచక్షణకే వదలాలా? ‘రోను తిరిగి తెస్తాం’ అన్నది దీనికి సగం జవాబే.

2024లో ఓటర్లు ఆమోదించిన సవరణను తిప్పికొట్టే ప్రతిపాదనను మిస్సోరీ శాసనసభ 2025 మేలో ఆమోదించి, మళ్లీ ప్రజల ఓటుకు పంపింది. నెవాడాలో 2024లో ఒకసారి గెలిచిన సవరణ రాజ్యాంగంలోకి ఎక్కాలంటే 2026లో రెండోసారి కూడా గెలవాలి. ఆ రెండు రాష్ట్రాల అభ్యర్థులు తేల్చకపోయినా ఓటరు బ్యాలెట్ మీద తేల్చుకోగలరు. టెక్సస్, జార్జియా ఓటర్లకు ఆ దారి లేదు. అక్కడ గవర్నర్, అటార్నీ జనరల్, శాసనసభ్యుల అభ్యర్థులు ఇచ్చే జవాబే దాదాపు అంతా.